పొగ వంగే చోటు

చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులోకి తిరిగి, మిర్చిబజ్జీల బండి దాటగానే రేకుల షెడ్డు ఒకటి వస్తుంది. దానికి బోర్డు లేదు. ముందు ఒక అరిగిపోయిన టైరు, ఆ టైరు గుంటలో ముడుచుకుని పడుకునే తెల్లపిల్లి, ఇవే గుర్తులు. "పిల్లి గ్యారేజీ" అని అడిగితే ఆ చుట్టుపక్కల ఎవరైనా చూపిస్తారు. అది దుర్గయ్యది.

శ్రావణమాసం. పొద్దున్నుంచి ముసురు పట్టి, సాయంత్రానికి గాలి పూర్తిగా ఆగిపోయింది. ఎక్కడా ఆకు కదలడం లేదు. రేకుల అంచు నుంచి చినుకులు ఒకేచోట పడి నేలను తొలుస్తున్నాయి. తడిమట్టి వాసన, డీజిలు వాసన, బజ్జీల నూనె వాసన మూడూ కలిసి షెడ్డులో బరువుగా నిలిచిపోయాయి. చేతులు తుడుచుకుని చాయ్ తెప్పించుకుందాం అనుకుంటున్న దుర్గయ్యకి సందు మొదట్లోంచి రాజేశం తెల్లకారు వినిపించింది. కనిపించడానికి ముందే వినిపించింది. ఎత్తూ పల్లమూ లేని సందులోనే అది ఎగపోస్తూ వస్తున్నది. వెనక తోకలాగా నల్లపొగ.

"ఏందన్నా, ఇంజను అమ్ముకొని కుక్కర్ పెట్టించినవా?" అని అరిచాడు దుర్గయ్య.

రాజేశం నవ్వలేదు. తన కారునే కిరాయికి నడుపుకుంటూ, నారాయణగూడ చౌరస్తాలో అందరినీ నవ్వించే మనిషి. ఇప్పుడు గడ్డం మాసి, చొక్కా భుజాల మీద వేలాడుతున్నది.

"బండి లాగుతలేదు తమ్మీ. జర చూడు."

"ఎప్పటిసంది?"

"పుష్యం నుంచి."

దుర్గయ్య చేతిలోని గుడ్డ అక్కడే ఆగిపోయింది. పుష్యమాసంలోనే రాజేశం భార్య మంజుల పోయింది. ఆమెది ఏళ్ల తరబడి ఉన్న దమ్ము రోగం. ఆ చలి సాయంత్రం ఆయాసం ఎక్కువైతే, అశోక్ నగర్‌లోని ఇంటి నుంచి ఇదే కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని విద్యానగర్ వైపు దవాఖానాకి బయలుదేరాడు. స్టీల్ బ్రిడ్జి ఎక్కే దగ్గర బండి లాగలేదు. వెనక హారన్లు మోగుతుంటే, మొదటి గేరులో నత్తలాగా పాకుతుంటే, బ్రిడ్జి దిగేలోపే ఆమె అయిపోయింది.

"గప్పటిసంది ఇట్లనే నడుపుతున్నవా? ఇన్ని నెలలు? నాకెందుకు చెప్పలేదే!"

రాజేశం కారు దిక్కు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నాకు పర్వా లేకుండె. ఇప్పుడు బిడ్డకు పడతలేదు."

బిడ్డ అంటే మనీష. ఒక్కతే కూతురు. గ్రూప్ పరీక్షకి చదువుతూ పగలంతా లైబ్రరీలో కూర్చుంటుంది. పొద్దున దింపేదీ సాయంత్రం తీసుకుపోయేదీ తండ్రే. నెల రోజులుగా ఆ పిల్లకి కారు ఎక్కితే చాలు, ఊపిరి ఆడటం లేదు. దిగితే మామూలే. డాక్టరు గొట్టం పెట్టి చూశాడు, ఎక్స్‌రే తీయించాడు. ఊపిరితిత్తులు కడిగినంత శుభ్రంగా ఉన్నాయన్నాడు. కిందటి వారం లైబ్రరీ ముందు దిగేసరికి పిల్ల గోళ్లు నీలంగా ఉన్నాయట.

"నడిచి పో బిడ్డా అంటే ఇనదు. 'నువ్వొక్కడివే బండ్ల ఉంటే ఏడుస్తవు బాపూ, నేను పక్కన ఉంటే ఏడ్వవు' అంటది." రాజేశం కారు రేకు మీద అరచెయ్యి పెట్టి, వేడి తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. "తల్లిని ఈ బండి తీసుకపోయింది. పిల్లను ఇయ్య తమ్మీ."

"గట్లయితే అమ్మెయ్యరాదే అన్నా!"

"అమ్మలేను."

"ఎందుకు?"

రాజేశం చొక్కా కొసతో ముందు సీటు అద్దం తుడవసాగాడు.

ఇక్కడ టర్బో సంగతి కొంచెం చెప్పుకుంటే తర్వాత జరిగింది తేలిగ్గా అర్థమవుతుంది. కట్టెల పొయ్యి మంట తగ్గితే గొట్టం పెట్టి ఊదుతాం కదా, డీజిలు ఇంజన్లో ఆ ఊదే పని టర్బోది. అది గట్టిగా ఊదితే డీజిలు శుభ్రంగా మండుతుంది, బండి ఎంత ఎత్తయినా ఎక్కుతుంది. ఊదుడు తగ్గితే డీజిలు సగమే మండి నల్లపొగ అవుతుంది, బండి రొప్పుతుంది. ఆ ఊదుడు బలాన్నే మెకానిక్కులు బూస్టు అంటారు. మరి ఎంత ఊదాలో టర్బోకి చెప్పేదెవరు? సన్నటి రబ్బరు గొట్టాలు. వాటిలోని గాలిని ఇంజను పీల్చేసి ఖాళీగా ఉంచుతుంది. ఆ ఖాళీయే ఒక చిన్న కడ్డీని లాగి పట్టుకుంటుంది, ఆ కడ్డీ టర్బో లోపలి రెక్కల్ని సర్దుతుంది. కొబ్బరిబోండాంలో వేసిన స్ట్రాకి చిల్లు పడిందనుకోండి, మీరెంత పీల్చినా నీళ్లు పైకి రావు. ఈ గొట్టాలూ అంతే. ఎక్కడో వెంట్రుకంత చీలిక వచ్చినా లాగుడు పోతుంది, దానితో బూస్టూ పోతుంది.

దుర్గయ్య బానెట్ మటుకు షెడ్డు కిందికి వచ్చేలా బండి పెట్టించి, స్కానర్ తగిలించి, రాజేశాన్ని యాక్సిలరేటర్ నొక్కమన్నాడు. బూస్టు ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. బానెట్ ఎత్తి ముందు లావుపాటి గాలి పైపులు పిసికి చూశాడు. క్లిప్పులు తిప్పి చూశాడు. నూనె చెమర్చిన జాడ కోసం లైటు వేసి వెతికాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"ఇగ సన్నటివాటి మీద పడాలె" అని ఇంజను ఆపించి, చేతిపంపు తీశాడు. అది బొమ్మ తుపాకీలాగా ఉంటుంది, మీద ముల్లు ఉన్న గడియారం లాంటిది. గొట్టానికి తగిలించి, గుర్రం అనే మీట నొక్కితే అందులోని గాలిని లాగేస్తుంది, ముల్లు పైకి లేస్తుంది. గొట్టం మంచిదైతే ముల్లు లేచినచోటే నిలబడాలి. చిల్లుంటే మెల్లగా కిందికి జారాలి. మూడో దారి లేదు.

ఇంజను వైపు గొట్టం నిలబడింది. టర్బో వైపుదీ నిలబడింది. ఇక మిగిలింది ఒకే ఒక పాయ. అది ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ దాటి కారు లోపలికి, ముందు సీటు ఎదుట ఉండే సామాను అర వెనక్కి పోతుంది. బయటి గాలిని లోపలికి రానిచ్చే చిన్న తలుపు ఒకటుంటుంది అక్కడ. గొట్టం లాగితే ఆ తలుపు తెరుచుకుంటుంది. దుర్గయ్యకి గుర్తొచ్చింది, ఆ పాయ కొసని తలుపు నుంచి ఊడదీసి, రబ్బరు టోపీ పెట్టి మూసింది తనే. రాజేశమే బతిమాలి చేయించుకున్నాడు. "బయటి పొగ ఒక్క చుక్క లోపలికి రావద్దు తమ్మీ, ఆమెకు పడదు" అని. ఆ రోజు మంజుల ముందు సీట్లో కూర్చుని నవ్వింది. "మీ అన్నకు నన్ను డబ్బాల పెట్టి మూత పెట్టుడు ఒక్కటే తక్కువ, తమ్ముడూ."

ఆ పాయకి పంపు తగిలించి గుర్రం నొక్కాడు.

ముల్లు లేచింది. మెల్లగా జారింది. ఆగింది. మళ్లీ… తనంత తానే లేచింది.

దుర్గయ్య గేజు మీద వేలితో కొట్టాడు. పంపు తీసి వేరే గొట్టానికి పెట్టాడు, ముల్లు నిటారుగా నిలబడింది. మళ్లీ ఈ పాయకి పెట్టాడు. చప్పున లేచింది. చాలాసేపు జారింది. చప్పున లేచింది. చాలాసేపు… చాలాసేపు జారింది. ఇంజను ఆగి ఉంది. బండిలో కదిలేది ఏదీ లేదు.

"గట్లనే" అన్నాడు రాజేశం. ఎప్పుడు వచ్చి పక్కన నిలబడ్డాడో. కళ్లు ముల్లు మీదే ఉన్నాయి. "పీల్చుడు చిన్నగ. ఇడుసుడు పెద్దగ. ఆమెకు గట్లనే ఉండె."

"అన్నా, జర పరేషాన్ చెయ్యకు. టోపీ పగిలి ఉంటది, అంతే."

పెద్ద షోరూముల్లో లీకు పట్టడానికి పొగ మిషన్లు ఉంటాయి. దుర్గయ్య షెడ్డులో అగరుబత్తి ఉంటుంది. పద్ధతి ఒకటే. వెలిగించిన పుల్లని గొట్టాల పక్కన మెల్లగా నడిపించాలి. పీలుపు లేనిచోట పొగ నిట్టనిలువుగా లేస్తుంది. పీలుపు ఉన్నచోట వంగి, అందులోకి పోతుంది. పొగ వంగిందా, అక్కడ చిల్లున్నట్టే.

అతను అగ్గిపుల్ల గీయగానే రాజేశం చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు తమ్మీ. పొగ ఆమెకు పడదు."

'పడదు' అన్నాడు. 'పడకపోయేది' అనలేదు. దుర్గయ్యకి ఆమె పోయిన రోజు కళ్లముందు కదిలింది. ఆ ఇంట్లో పెళ్లయిన నాటినుంచి అగరుబత్తి వెలగలేదు. దేవుడికి కూడా ఉత్త దీపమే. అలాంటిది శవం తలదగ్గర చుట్టాలు కట్టకి కట్ట వెలిగించి పెట్టారు. రాజేశం ఒక్కొక్క పుల్లనీ వేళ్లతో నలిపి ఆర్పేస్తూ కూర్చున్నాడు. చుట్టాలు మళ్లీ వెలిగించేవారు. అతను మళ్లీ ఆర్పేవాడు. "ఆమెకు పడదని చెప్తే ఇనరేందే" అంటూ. చివరికి నలుగురు కలిసి లేపి బయటికి తీసుకుపోయారు.

"ఒక్క పుల్ల అన్నా. బిడ్డ కోసం" అన్నాడు దుర్గయ్య.

రాజేశం చెయ్యి వదిలాడు.

ముందు సీటు తలుపు తీసి, దుర్గయ్య సీటు ముందు కాళ్లు పెట్టుకునే చోట చతికిలబడ్డాడు. సామాను అర ఊడదీశాడు. లోపల చీకట్లో రబ్బరు టోపీ కనిపించింది. దానికి అడ్డంగా చీలిక. చిన్నగా తెరిచిన నోరులాగా.

పుల్ల పట్టుకున్నాడు. పొగ నిట్టనిలువుగా లేచింది. కారులో చల్లదనం… ఏదో మందు వాసన, పుదీనా లాంటిది, ఛాతీకి రాసుకునేది. పుల్లని ఇంకొంచెం దగ్గరికి జరిపాడు.

పొగ వంగింది.

సన్నటి దారంలా సాగి చీలికలోకి పోయింది. చప్పున ఆగింది. ఆ వెంటనే లోపలినుంచి వెనక్కి వచ్చింది… మెల్లగా… పల్చగా… చివర్లో సన్నటి ఈల లాంటి చప్పుడుతో.

మళ్లీ లోపలికి. మళ్లీ బయటికి.

అప్పుడు దగ్గు వినిపించింది. పొడి దగ్గు. పరాయి ఇంట్లో నలుగురి మధ్య కూర్చున్నప్పుడు పైట అడ్డం పెట్టుకుని ఆపుకుంటూ దగ్గుతారే, అలా. రాజేశం బయట ఉన్నాడు. దగ్గు వచ్చింది దుర్గయ్య తలమీద నుంచి… ఖాళీ సీట్లోంచి. స్పాంజి కిర్రుమంది. ఎదురుగా అద్దం మీద, సరిగ్గా ఆ సీటుకి ఎదురుగా, అరచేతంత ఆవిరి మచ్చ పట్టింది. కరిగింది. మళ్లీ పట్టింది.

దుర్గయ్య తల తలుపుకి కొట్టుకుంటూ బయటపడ్డాడు. వెనకనుంచి తలుపు మూసుకుంది. పుల్ల తడి నేల మీద పడి చుయ్యిమని ఆరింది.

"విన్నవా" అన్నాడు రాజేశం. భయంగా కాదు. ఆశగా.

"నీకు… ముందే తెల్సా?"

"నారాయణగూడల ఆఖరి కిరాయి దించి వచ్చినంక, ఇంటి ముందు బండి ఆపి జర సేపు కూసుంట. మాట్లాడదు. పేరు పెట్టి పిలిస్తే పలుకదు. కానీ దమ్ము వినబడతది. పాతికేండ్లు ఆ సప్పుడు పక్కల పెట్టుకునే పండుకున్న తమ్మీ. అది లేకుంటే నాకు నిద్ర పడతలేదు." కారు తలుపు నిమిరాడు. "అందుకే ఇన్ని నెలలు బండి నీ దగ్గరికి తేలేదు. నువ్వు బాగు చేస్తవని తేలేదు."

అంతలో వాన ఒక్కసారిగా పెద్దదయింది. నెత్తి మీద పుస్తకాల సంచి పెట్టుకుని మనీష సందులోంచి పరిగెత్తుకొచ్చింది.

"దుర్గయ్య కాకా, మా ముసల్దానికి ఏమయింది? ఇంకా అడ్మిట్ చేసుకోలేదా?" అని నవ్వుతూనే, తడవకుండా ఉండటానికి తిన్నగా ముందు సీట్లోకి దూరి తలుపు లాగేసుకుంది.

"దిగు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

అద్దం వెనక మనీష నవ్వు ముఖం అలాగే ఉంది. నవ్వు మాత్రం ఆగిపోయింది. చెయ్యి గొంతు మీదికి పోయింది. నోరు తెరిచింది. లోపలికి గాలి పోవడం లేదు.

రాజేశం తలుపు లాగాడు. రాలేదు. ఫ్రిజ్ తలుపు మూసిన వెంటనే మళ్లీ లాగితే కాసేపు రాదు చూడండి, అలా లోపలినుంచి ఏదో పీల్చి పట్టుకుంది. వేలు పట్టేంత తెరుచుకుని… టప్పున మూసుకుంది. దుర్గయ్య అటువైపు తలుపు లాగాడు. అదీ అంతే. అద్దం మీద ఆవిరి మచ్చలు ఇప్పుడు రెండు. ఒకటి పెరుగుతుంటే ఒకటి తరుగుతున్నది. మనీష ముందరి మచ్చ చిన్నదవుతున్నది. అరచేతంత. గాజంత. బొట్టంత.

దుర్గయ్య బానెట్ వైపు పరిగెత్తాడు. ఆ పాయ గోడలోకి దూరేచోట గొట్టాన్ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి పట్టాడు.

వేళ్ల కింద గొట్టం కొట్టుకుంది.

రబ్బరు కాదు అది… గొంతు. మింగుడు పడనట్టు పైకీ కిందికీ కదిలింది. అతని వేళ్ల మధ్య గింజుకుంది. అటు కారు లోపల మనీష ఒక్కసారిగా గాలి పీల్చుకుని దగ్గింది. ఇటు గొట్టంలోంచి, గోడ అవతలనుంచి, చాలా సన్నగా మాట వచ్చింది.

"కిటికి… జర కిటికి తియ్యయ్యా…"

దుర్గయ్య వేళ్లు వాటంతటవే సడలాయి. ఆమె తనని తమ్ముడూ అని పిలిచిన మనిషి. ఆ మాట ఆగిపోయి, గొట్టంలోంచి హాయిగా పీల్చుకున్న చప్పుడు వచ్చింది. వెంటనే లోపల మనీష తల వెనక్కి వాలింది.

మళ్లీ నొక్కాడు. గొట్టం గింజుకుంది. "కిటికి…"

"ఏం చెయ్యాలన్నా?" గుసగుసగా అడిగాడు. ఏడుపు వచ్చేసింది. "చెప్పన్నా. ఏం చెయ్యాలె?"

రాజేశం తలుపు పట్టుకుని వానలో నిలబడ్డాడు. గొట్టంలోని మాట అతనికీ వినిపించింది. ముఖం మీద వాన ఎంతో కన్నీళ్లు ఎన్నో తెలియడం లేదు. అద్దంలోంచి కూతురిని చూశాడు. కూతురి పక్కన, ఎవరూ లేనిచోట కూడా చూశాడు.

"పట్టుకో తమ్మీ" అన్నాడు. "గట్టిగ పట్టుకో. నేను చెప్పినా ఇడువకు."

దుర్గయ్య కళ్లు మూసుకుని నొక్కాడు. తలుపు తెరుచుకుంది. రాజేశం కూతుర్ని రెండు చేతులతో బయటికి లాగి, షెడ్డు గోడకి ఆనించి కూర్చోబెట్టాడు. తర్వాత పారిపోలేదు. తిరిగి కార్లోకి దూరి, తాళం తిప్పి, నాలుగు కిటికీల అద్దాలూ కిందికి దించాడు. వాన లోపలికి కొట్టింది.

"తీసిన మంజులా. ఇగో తీసిన. అన్ని తీసిన" అంటున్నాడు. "ఆనాడు బ్రిడ్జి మీద అడిగితివి. పొగ వస్తదే, నీకు పడదు అన్న. బండి నల్లగ పొగ కక్కుతుండె, అది లోపలికొస్తదని తియ్యలే. ఒక్కసారన్న తియ్యలే…"

గొట్టం కొట్టుకోవడం తగ్గింది. చిన్నగా… దూరం దూరంగా… ఒకసారి ఆగి, మళ్లీ ఒక్కసారి… తర్వాత ఏమీ లేదు. దుర్గయ్య చేతిలో మిగిలింది ఉత్త రబ్బరు.

పిల్లి టైరులోంచి లేచి, కారుకి దూరంగా పోయి కూర్చుంది.

వాన తగ్గాక దుర్గయ్య చీలిన టోపీ తీసి కొత్తది పెట్టాడు. క్లిప్పు బిగించి, దాని మీద తెల్లరంగు చుక్క పెట్టాడు. ఇంకెవరైనా క్లిప్పు తిప్పితే ఆ చుక్క చెదిరిపోతుంది, బిగించిన ప్రతిదానికీ అలా చుక్క పెట్టడం అతని అలవాటు. పాత టోపీని పారెయ్యబోతే రాజేశం చెయ్యి చాచాడు. దాన్ని రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పని అయ్యాక బండిని ఎత్తు ఎక్కించి చూడాలి, అది పద్ధతి. ముగ్గురూ స్టీల్ బ్రిడ్జి వైపు పోయారు. కిటికీలన్నీ తీసే ఉన్నాయి. ముందు సీటు ఖాళీగా ఉంచి, దుర్గయ్య, మనీష వెనక కూర్చున్నారు. బండి బ్రిడ్జిని ఒక్క ఊపున ఎక్కేసింది. వెనక చుక్క పొగ లేదు.

"బాపూ, ముసల్ది ఉరుకుతున్నది!" అంది మనీష. గాలి ముఖానికి కొడుతుంటే గుండెలనిండా పీల్చుకుంటున్నది.

"దమ్ము మంచిగొచ్చింది" అన్నాడు దుర్గయ్య, అని వెంటనే నాలుక కరుచుకున్నాడు.

రాజేశం రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. భుజంతో ముఖం తుడుచుకున్నాడు. ఆ నున్నటి ఇంజను చప్పుడులో అతను దేనికోసమో చెవి పెట్టి వింటున్నాడని, అది వినిపించడం లేదని వెనక కూర్చున్న దుర్గయ్యకి తెలుస్తూనే ఉంది.

మళ్లీ పుష్యం వచ్చింది. ఆ ఏడు చలి గట్టిగా ఉంది. పొద్దున్నే మాట్లాడితే నోట్లోంచి పొగలు వస్తున్నాయి. ఒక పొద్దున తెల్లకారు సర్వీసింగుకని సందులోకి వచ్చింది. సాఫీగా, చప్పుడు లేకుండా వచ్చింది. ముందు సీట్లోంచి మనీష దిగింది. బుగ్గలు నిండి కళకళలాడుతున్నది. "కాకా, వచ్చే వారమే పరీక్ష. నీ పిల్లిని ఎదురు రావద్దని చెప్పు" అంటూ చాయ్ తేవడానికి పోయింది.

ఆమె అటు పోగానే రాజేశం ముందు సీటు దిక్కు వంగి, సామాను అర దగ్గర ఏదో సర్ది దిగాడు. గడ్డం గీసుకున్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది.

"నిద్ర పడుతున్నదా అన్నా?"

"మస్తు పడుతున్నది తమ్మీ."

దుర్గయ్యకి ఆ మాట సంతోషంగానే అనిపించింది. అయినా పనిలో పనిగా ముందు సీటు దగ్గర వంగి సామాను అర తీశాడు. తెల్లరంగు చుక్క ఎన్నడో చెదిరిపోయి ఉంది. గొట్టం కొసన కొత్త టోపీ లేదు. చీలిన పాత టోపీ ఉంది.

"ఏందన్నా ఇది?"

"బిడ్డ ఎక్కే ముందట కొత్తది పెడ్త" అన్నాడు రాజేశం, ఏదో బండి కడిగే సంగతి చెప్పినంత మామూలుగా. "బిడ్డ దిగినంక పాతది పెట్టి, నేను ఆ సీట్ల కూసుంట. ఆమెకు దమ్ము కావాలె గదనే. బిడ్డది ఇయ్యద్దు. నాది ఇయ్యచ్చు."

దుర్గయ్య పంపు తెచ్చి పాయకి తగిలించాడు. గుర్రం నొక్కాడు. ముల్లు చప్పున లేచింది. చాలాసేపు జారింది. అది తెలిసిందే. కానీ అది పూర్తిగా జారకముందే ఇంకొకటి మొదలయింది… నిదానంగా లేచి, నిదానంగా దిగింది. గాఢంగా నిద్రపోతున్న మగమనిషి ఊపిరిలాగా. ఒకటి ఆగితే ఒకటి. వంతులవారీగా.

మనీష చాయ్ గ్లాసులు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. "ఏంది కాకా, గంత చెమట పట్టింది చలిల?" అని నవ్వింది. నవ్వుతో పాటు ఆమె నోట్లోంచి తెల్లగా ఆవిరి వచ్చింది. దుర్గయ్య నోట్లోంచీ వస్తున్నది. టైరులో పిల్లి ముక్కు దగ్గర కూడా పల్చగా పొగ ఆడుతున్నది.

రాజేశం షెడ్డు గుంజకి ఆనుకుని, గ్లాసుని రెండు చేతులతో ముక్కు కిందికి తెచ్చి పట్టుకుని, కూతురి వైపు ప్రేమగా చూస్తున్నాడు. తాగడం లేదు. గాలి లేదు. గ్లాసులోంచి ఆవిరి అతని పెదవుల పక్కనుంచి, ముక్కు పక్కనుంచి పైకి లేస్తున్నది.

నిట్టనిలువుగా లేస్తున్నది. దుర్గయ్య చాలాసేపు చూశాడు.

అది ఎక్కడా వంగలేదు.